లాన్ బతకాలంటే పచ్చిపేడ కావాలి

కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో మనిషికి ఒక జబ్బు ఉంటుంది. అప్పజెప్పిన పని ఒక్కటీ చేస్తే చాలదనిపిస్తుంది. ఎవరూ అడగని పని కూడా నెత్తికెత్తుకుని, నలుగురి చేతా శభాష్ అనిపించుకోవాలని మహా తహతహగా ఉంటుంది. నాకా జబ్బు కాస్త ముదిరిన రకంగానే ఉండేది. ఇప్పుడు నేను బెంగళూరు హూడిలో ఒక పెద్ద అపార్ట్‌మెంటుకు మేనేజర్ని. నా కింద పనిచేసే కుర్రాళ్ళెవరైనా కళ్ళు మెరిపించుకుంటూ "సార్, నాకో ఐడియా" అని వస్తే, ముందు కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి, ఆ ఐడియాలో ఆసిడ్ ఏమైనా ఉందా అని అడుగుతాను. వాళ్ళు నన్ను అదోలా చూస్తారు. వాళ్ళకేం తెలుసు పాపం, నా చరిత్ర.

నా మొదటి ఉద్యోగం సర్జాపుర రోడ్డు మీద ఒక అపార్ట్‌మెంటులో, గార్డెన్ సూపర్‌వైజరుగా. డిగ్రీలో వృక్షశాస్త్రం చదివాను కదా అని దరఖాస్తు పెట్టాను. ఇంటర్వ్యూలో మేనేజరు నన్ను ఎగాదిగా చూసి, "మీది కదిరి సైడా? అయితే మొక్కలు బాగా తెలిసే ఉంటాయి, అర్జెంటుగా జాయినైపో" అన్నాడు. (కదిరి వైపు ఒక మొక్కను బతికించడమంటే ఏమిటో తెలిసినవాడు ఆ మాట అనడు. మా నాన్న వేరుశనక్కాయ వేసి, వాన కోసం ఆకాశం వంక చూసీ చూసీ మెడ పట్టేసిన మనిషి.) ఆ మేనేజరుకు ప్రపంచంలో ప్రతిదీ అర్జెంటే కాబట్టి మేమంతా ఆయన్ను చాటుగా అర్జెంట్ సార్ అనేవాళ్ళం. ఉద్యోగం వచ్చిన సాయంత్రం మారతహళ్ళిలో నా పీజీ హాస్టలు మేడ మీదికెక్కి అమ్మకు ఫోన్ చేసి, "తోట మొత్తం నా చేతికిందే మా" అని గొప్పగా చెప్పాను. "ఏం కాయలు కాస్తాయి నాయనా?" అంది. "కాయలు కాదు, గడ్డి" అన్నాను. అమ్మ ఫోను తీసుకెళ్ళి నాన్న చేతికిచ్చింది.

ఆ గడ్డి మామూలు గడ్డి కాదు. నాలుగు టవర్ల నడుమ, ఎండాకాలంలో కూడా ఆకుపచ్చ దుప్పటి పరిచినట్టుండేది. గేటు బయట దుమ్ము, రోడ్డు మీద నీళ్ళ ట్యాంకర్ల బారు. లోపల మాత్రం చుట్టూ హొంగె చెట్లు (మా వైపు కానుగ అంటాం), మధ్యలో లాన్, పొద్దున్నే స్ప్రింక్లర్లు తిరుగుతుంటే సన్నటి తుంపర. ఊరంతా గుటకలు మింగుతుంటే దీనికి నీళ్ళెక్కడివని చేరిన రోజే నాకు అనుమానం వచ్చింది. అర్జెంట్ సార్ నన్ను బేస్‌మెంటులోకి తీసుకుపోయి చూపించాడు. అక్కడ పెద్ద పెద్ద తొట్లు, గుర్రుమంటూ గాలి కొట్టే మోటార్లు. ఇళ్ళల్లో స్నానాలు చేసిన నీళ్ళు, అంట్లు తోమిన నీళ్ళు, ఇంకా చెప్పుకోకూడని నీళ్ళు, అన్నీ అక్కడికే వస్తాయి. కంటికి కనిపించని సూక్ష్మజీవులు ఆ మురికిని తినేస్తాయి. తేరిన నీళ్ళను వడగట్టి, శుద్ధిచేసి, చెట్లకూ గడ్డికీ పంపుతారు. మంచినీళ్ళు ఒక్క చుక్క కూడా తోటకు పోయకూడదని ఆర్డరు. "ఎవరైనా అడిగితే 'గార్డెన్ వాటర్' అని చెప్పు, అంతే. అంతకుమించి ఒక్క ముక్క నోట్లోంచి రాకూడదు. ఈ సంగతి తెలిసిందంటే, రేపటినుంచి ఒక్కరు కూడా పిల్లల్ని లాన్ మీదికి పంపరు" అని నాచేత ఒట్టు వేయించుకున్నంత పని చేశాడు.

ఆ మురికినీళ్ళ ప్లాంటును చూసుకునే ఆపరేటరు ముళబాగిలు వైపువాడు, తెలుగు కన్నడం రెండూ ఒకే వాక్యంలో మాట్లాడేవాడు. నేను మామా అని పిలిచేవాణ్ణి. తోటపని చేసేది పాలమూరు నుంచి వచ్చిన ముగ్గురు ఆడవాళ్ళు. అక్కాచెల్లెళ్ళిద్దరూ, వాళ్ళ ఆడబిడ్డా. ముగ్గురిలోకీ పెద్దామెను అందరూ పెద్దక్క అనేవాళ్ళు. కట్టడం పనుల్లో ఇటుకలు మోసి మోసి నడుం పడిపోయాక, నీడ పట్టున దొరికిన మొదటి పని అదేనట ఆమెకు. కూతుర్ని దగ్గర్లోని బడిలో చేర్చింది, పదో తరగతి. గడ్డి మీద మోకాళ్ళ మీద కూర్చుని కలుపు తీస్తూ నాకు కొత్తల్లో ఎన్ని సంగతులు చెప్పిందో. నేను సూపర్‌వైజర్ని కాబట్టి, అన్నీ ముందే తెలిసినట్టు తలాడించేవాణ్ణి.

ఇంతలో ఉగాది వచ్చింది. ఉగాదికి ముందు ఇల్లు కడగడమంటే మా అమ్మకు ఒక యుద్ధం. అటక మీది గిన్నె నుంచి గడప దాకా దేన్నీ వదలదు. ఆ రక్తమే కదా నాది. నా జబ్బు తిరగబెట్టింది. "సార్, నాకో ఐడియా" అంటూ అర్జెంట్ సార్ దగ్గరికి పోయాను. అపార్ట్‌మెంటులో తెలుగువాళ్ళున్నారు, కన్నడంవాళ్ళున్నారు, అందరికీ ఉగాదే. అందరూ ఒకే ఆదివారం ఇల్లూ బాత్రూములూ కడుక్కునేట్టు చేస్తే ఎలా ఉంటుంది? అసోసియేషన్ తరఫున ఇంటింటికీ ఒక సంచి, అందులో బాత్రూము ఆసిడ్, ఫినాయిలు, బ్లీచింగ్ పొడి, పైన ఒక మామిడాకు కట్టి. అర్జెంట్ సార్ "వెరీ గుడ్, అర్జెంటుగా చెయ్" అన్నాడు. నేనే స్వయంగా ఇంటింటి తలుపుకూ సంచి తగిలించాను. ఆదివారం నాడు నాలుగు టవర్లూ కలిసి కడిగిన కడుగుడు చూడాలి! కిటికీల్లోంచి పాటలు, మెట్ల మీదికి నురగ, లిఫ్టులోకి పోతే కళ్ళు మండేంత వాసన. ఉగాదికే సంబంధం లేని బెంగాలీవాళ్ళు, పంజాబీవాళ్ళు కూడా ఊరికే వచ్చింది కదా అని సీసాలకు సీసాలు పోశారు. అసోసియేషన్ సెక్రటరీ అంకుల్ వాట్సాప్ గ్రూపులో నా ఫోటో పెట్టి పొగిడాడు. దాన్ని అమ్మకు పంపాను. అమ్మ మా వీధంతా చూపించింది.

పండగ అయింది. కన్నడంవాళ్ళు బేవు బెల్లం (వేపపూత, బెల్లం) తిన్నారు, తెలుగువాళ్ళు ఉగాది పచ్చడి తిన్నారు. ఆ తర్వాత లాన్ మీద మెల్లగా ఒక వాసన మొదలైంది. మొదట ఎక్కడో ఎలుక చచ్చిందనుకున్నాం. పొదలన్నీ వెతికించాను. మర్నాటికి ఒక ఎలుకకు అంత సత్తా ఉండదని తేలిపోయింది. స్ప్రింక్లర్ తిప్పితే నల్లటి నీళ్ళు, నడుస్తున్నవాళ్ళు ముక్కులు మూసుకుని పరుగు. ప్లాంటు మామ మొదట దిష్టి తగిలిందన్నాడు. "గ్రూపులో నీ ఫోటో ఏసిరి కదప్పా, కండ్లు పడినాయి" అని పెద్ద బూడిద గుమ్మడికాయ తెచ్చి మోటార్ల మీద వేలాడదీశాడు. గుమ్మడికాయ ఊగుతూనే ఉంది, వాసన పెరుగుతూనే ఉంది. చివరికి ప్లాంటు కంపెనీ ఇంజినీరుకు ఫోన్ చేసి స్పీకర్లో పెట్టాడు. "ఈ మధ్య ఎవరైనా డ్రైనేజీలో ఆసిడ్‌గానీ బ్లీచింగ్‌గానీ ఎక్కువ పోశారా?" అన్నాడాయన. నేను మెల్లగా గుమ్మడికాయ చాటుకు జరిగాను. "పోసినారు సార్, జాస్తిగానే పోసినారు" అన్నాడు మామ. "ఎవరు?" "అందరూ." "అందరూనా? ఎవరు పోయించారయ్యా?" మామ నా మొహం వంక చూశాడు. నా మొహం ఎలా ఉందో నాకు తెలీదు గానీ, ఆయనకు జాలేసినట్టుంది. "ఉగాది సార్. ఉగాదే పోయించింది" అన్నాడు. ఆ మాటకు ఈనాటికీ ఆయన కాళ్ళకు దండం పెట్టొచ్చు.

సంగతేమిటంటే, మురికిని తిని బతికే ఆ సూక్ష్మజీవులు ఉన్నవన్నీ మా పండగ శుభ్రానికి ఒక్కసారిగా చచ్చిపోయాయి. ఊరంతా కొత్త బట్టలు కట్టుకున్న రోజున, పాపం, వాటికి నేను తద్దినం పెట్టాను. నీళ్ళు శుద్ధికావు, శుద్ధికాని నీళ్ళు గడ్డికి పొయ్యలేం, మంచినీళ్ళు పొయ్యకూడదు. పైన ఎండ మాడ్చేస్తోంది. హొంగె చెట్లు మొండివి, నీళ్ళు లేకపోయినా "చూద్దాంలే" అన్నట్టు నిలబడ్డాయి. లాన్ మాత్రం సుకుమారం. అంచుల్లోంచి పసుపు తిరిగి, నడి మధ్యకు వచ్చేసింది.

అప్పుడు దిగాడు సెక్రటరీ అంకుల్ రంగంలోకి. ఆయన మంచివాడే, ఎవరికీ చెడు తలపెట్టే రకం కాదు. కానీ ఆయనకు ప్రతి సమస్యకూ ఒక సాంపిలు దొరుకుతుంది. ఈసారి ప్లాస్టిక్ గడ్డి ముక్క ఒకటి చుట్టగా చుట్టి చంకలో పెట్టుకుని తిరగడం మొదలెట్టాడు. "నీళ్ళక్కర్లేదు, కలుపుండదు, వాసనుండదు. ఒక్కసారి పరిస్తే మన పని అయిపోయినట్టే" అని కనిపించినవాడికల్లా తడిమి చూపించేవాడు. వచ్చే ఆదివారం మీటింగులో ఓటింగ్ పెడతామని గ్రూపులో వేశాడు. ఆ మాట పెద్దక్క చెవిన పడింది. నేను చెట్టుకింద నిలబడి ఏమీ ఎరగనట్టు ఆకులు లెక్కపెడుతుంటే వచ్చి, "సారూ, గడ్డి ప్లాస్టిక్‌ది ఏస్తే దానికి నీళ్ళెవ్వరు వోస్తరు? కలుపెవ్వరు తీస్తరు?" అంది. నేను ఇంకో ఆకు లెక్కపెట్టాను. "మమ్ముల తీసేస్తరు గదా. బిడ్డ పదిల ఉన్నది. మళ్ల ఇటుకలు మోసుడు నాతోని గాదు సారూ. యాడికి పోవాలె?" అని, జవాబు కోసం కూడా చూడకుండా కొడవలి తీసుకుని వెళ్ళిపోయింది. నన్ను తిట్టినా బాగుండేది. ఇదంతా నా సంచుల పుణ్యమేనని ఆమెకు తెలీదు.

ఇంజినీరు చెప్పిన మందు ఒకటే. ప్యాకెట్లలో వచ్చే సూక్ష్మజీవులు కంపెనీ నుంచి రావడానికి ఆలస్యమవుతుంది, ఈలోగా పచ్చి ఆవుపేడ, బెల్లం కలిపి రోజూ తొట్లలో పొయ్యాలి. పేడలోంచి కొత్త జీవులు పుడతాయి, బెల్లం తిని బలపడతాయి. బెల్లం యాప్‌లో బుక్ చేస్తే టీ తాగేలోపల వచ్చింది. పేడ కూడా యాప్‌లో ఉంది. ఎండబెట్టిన పిడకలు, మెరిసే కవర్లో, పైన ఆవు బొమ్మతో. పచ్చిది మాత్రం లేదు. కదిరి పక్కన పుట్టి, చిన్నప్పుడంతా పేడలోంచే నడిచి బడికి పోయిన నేను, బెంగళూరులో పిడికెడు పేడ కోసం స్కూటరుకు రెండు బకెట్లు కట్టుకుని బయల్దేరాను. ఆఫీసులకు పోయే క్యాబుల మధ్య, ప్రతి సిగ్నల్ దగ్గరా తల పైకెత్తి గాలి పీల్చుకుంటూ వెతుకుతుంటే, పక్క కారాయన అద్దం దించి "ఆర్ యూ ఓకే?" అన్నాడు.

గాజు మేడల సందులో పాత ఊరు ఇంకా మిగిలే ఉంటుంది బెంగళూరులో. అలాంటి ఒక సందులో, రేకుల కొట్టం కింద మూడు ఆవులు కనిపించాయి, వాటి పక్కన పాలు పిండుతూ ఒకామె. నాకు ప్రాణం లేచొచ్చింది. "అక్కా, పేడ కావల్ల" అన్నాను. ఆమె తల తిప్పకుండా, "గృహప్రవేశమా?" అంది. "కాదక్కా." "అయితే ల్యాదు పో. ఇది లగ్గాల సీజను. యా ఫ్లాటుకు చూసినా గృహప్రవేశమే. ఆవుకు బుకింగు ఉండాది, దూడకు బుకింగు ఉండాది, పేడకూ బుకింగు ఉండాదప్పా" అంది. నేను అక్కడే నిలబడి కథంతా చెప్పాను, ఆసిడ్‌తో సహా. (మొత్తం నిజం నేను చెప్పుకున్నది ఆమె ఒక్కతెకే. ఆవులు కూడా విన్నాయి.) ఆమె నవ్వీ నవ్వీ చెంబు కింద పెట్టేసింది. "పండగకని పురుగుల్ని సంపినావా! సరే, పేడిస్తా. దుడ్డు వద్దు. మీ గడ్డి బతికితే, కోసినప్పుడల్లా ఆ గడ్డి నా ఆవులకు తెచ్చియ్యల్ల. ఏమంటావు?" అంది. బతకని గడ్డిని తాకట్టు పెట్టి, రెండు బకెట్ల నిండా బంగారంలాంటి పచ్చిపేడ తెచ్చుకున్నాను.

గేటు దగ్గర సెక్యూరిటీ ఆపాడు. లోపలికి ఏది వచ్చినా ఫోన్లో నమోదు చెయ్యాలి కదా. "ఇది ఏ రకం డెలివరీ? ఫుడ్డా, పార్సెలా?" అన్నాడు. ఇద్దరం చాలాసేపు ఆలోచించి 'ఫుడ్' అని నొక్కాం. సూక్ష్మజీవులకు అది ఆహారమే కాబట్టి అబద్ధమేమీ కాదు.

అసలు ప్రమాదం గేటు దాటాక ఎదురైంది. చెట్లకింద బెంచీల మీద పొద్దున పూట పెద్దవాళ్ళు కూర్చుంటారు. వాళ్ళలో ఆరో అంతస్తు అవ్వ ఒకరు. తరాలుగా బెంగళూరులో స్థిరపడిన తెలుగువాళ్ళు. కొడుకూ కోడలూ సాఫ్ట్‌వేరు. అవ్వకు మోకాళ్ళ నొప్పులు గానీ ముక్కు మాత్రం దివ్యంగా పనిచేస్తుంది. నేను ఇంకా ఆమడ దూరంలో ఉండగానే, "ఏమప్పా, పేడ కదా అది?" అన్నారు. అవునన్నాను. "ఆవుదా?" అవునన్నాను. అవ్వ మొహం వెలిగిపోయింది. "సల్ప ఇయ్యి నాయనా. గడపకు పేడ పూసి ఎన్నేండ్లాయనో. ఈ టైల్సులో యాడ పూసేది, సుమ్నే, ఊరికే ఒక మూల పెట్టుకుంటా" అన్నారు. అవ్వ అడిగితే లేదంటామా? పిడికెడు ఇచ్చాను. అంతే, పక్క బెంచీ తమిళ పాటి వచ్చింది, ఆ పక్క మరాఠీ ఆజీ వచ్చింది, వాళ్ళ భాషల్లో ఇద్దరూ అవ్వలే. "నాక్కూడా", "నాక్కూడా". ఒకరు కొబ్బరిచిప్ప తెచ్చారు, ఒకరు ప్లాస్టిక్ డబ్బా, ఒకరు కొంగే పట్టారు. ప్రసాదం పంచినట్టు పంచుతూ పోయాను. ఒకాయన వాకింగ్ చేస్తూ అలవాటు ప్రకారం వరసలో నిలబడి, దగ్గరికొచ్చాక ఉలిక్కిపడి వెనక్కి పోయాడు. ప్లాంటు మెట్లు దిగేసరికి ఒక బకెట్టు ఖాళీ.

ఖాళీ బకెట్టుతో రెండో విడతకు బయల్దేరుతుంటే అవ్వ మళ్ళీ ఆపారు. "ఇంత పేడ యాటికప్పా?" నాకు అర్జెంట్ సార్ వేయించుకున్న ఒట్టు గుర్తుంది. కానీ పొద్దున్నుంచి ఆవులకూ ఆవులక్కకూ చెప్పేసిన నోరు, ఇంక ఆగలేదు. "అవ్వా, మీరు పోసుకునే నీళ్ళు యాడికి పోతాయి?" అన్నాను. "మోరీలోకి." "మోరీలోంచి?" "నాకేం తెలుసప్పా." "మన పల్లెల్లో నీళ్ళు పోసుకుంటే అరటిచెట్టుకు పోవా? ఇక్కడా అంతే. మీ నీళ్ళన్నీ కిందికొచ్చి, బాగుపడి, ఈ గడ్డికే పోతాయి. ఈ పేడ దాన్ని బాగుచేసేదానికే" అన్నాను. అవ్వ గడ్డి వంక చూశారు, ఆరో అంతస్తు వంక చూశారు, మళ్ళీ గడ్డి వంక చూశారు. "నేను పోసుకున్న నీళ్ళా?" అన్నారు. "మీవీ ఉండాయి అవ్వా." పక్క బెంచీలవాళ్ళంతా చెవులు రిక్కించారు.

నేను రెండో బకెట్టుతో తిరిగొచ్చేసరికి రహస్యం నాలుగు టవర్లూ చుట్టొచ్చింది. గ్రూపులో గగ్గోలు. "మా పిల్లలు ఆడుకునేది డ్రైనేజీ నీళ్ళ మీదా?" "ఛీ ఛీ" "ఇదేం అన్యాయం" అని ఒకటే గోల. సెక్రటరీ అంకుల్ సాంపిలు ముక్కకు ఒక్కసారిగా అభిమానులు పెరిగిపోయారు. అర్జెంట్ సార్ నన్ను పిలిచి, జీవితంలో మొదటిసారి నిదానంగా మాట్లాడాడు. "చూడు బాబూ, ఆదివారం మీటింగులో లాన్ పోతే తోటవాళ్ళు ముగ్గురూ పోతారు. నాలుగోవాడివి నువ్వు." అంత నిదానంగా చెప్పాక నాకు నిజంగా భయమేసింది.

ఆ వారమంతా నేనూ మామా కలిసి పేడా బెల్లం కలుపుతూనే ఉన్నాం. బెల్లం ముక్క విసిరినప్పుడల్లా మామ తొట్టిలోకి వంగి, "తినండ్రా నాయనా, తినండి, మొహమాటపడాకండి" అని బతిమాలేవాడు. శుక్రవారానికి వాసన తగ్గింది. ఆదివారం పొద్దున గాజు గ్లాసులో పట్టి చూస్తే నీళ్ళు తేటగా ఉన్నాయి. మామ గ్లాసు పైకెత్తి ఎండలో చూస్తుంటే ఆయన కళ్ళు చెమర్చాయి. నావీ అంతే. ఇద్దరం మురికినీళ్ళ గ్లాసు చూసి ఏడ్చామని ఎవరికీ చెప్పకూడదనుకున్నాం. కానీ లాన్ ఒక్క పూటలో పచ్చబడుతుందా? అక్కడక్కడా చిగురు, మిగతాదంతా గోనెపట్టా రంగు.

సాయంకాలం మీటింగు ఆ లాన్ పక్కనే. సెక్రటరీ అంకుల్ తన ప్లాస్టిక్ గడ్డిని గోనెపట్టా రంగు గడ్డి పక్కన పరిచాడు. పచ్చగా, మెత్తగా, నిజం చెప్పాలంటే నాక్కూడా ముచ్చటేసింది. నేను లేచి శుద్ధిచేసిన నీళ్ళ గురించి, వేడెక్కే ప్లాస్టిక్ గురించి ఏదో చెప్పబోయాను. మూడు భాషలు కలిసిపోయి ఒక్కటీ సరిగ్గా రాలేదు. "సిట్ డౌన్, సిట్ డౌన్" అన్నారు. దూరంగా హొంగె చెట్టు కింద పెద్దక్కా, తక్కిన ఇద్దరూ నిలబడి మా మొహాలు చూస్తున్నారు. వాళ్ళకు ఆ ఇంగ్లీషు అర్థం కాదు, కానీ చేతులు లేస్తే లెక్క అర్థమవుతుంది. "ప్లాస్టిక్ గడ్డికి ఒప్పుకున్నవాళ్ళు చేతులెత్తండి" అని సెక్రటరీ అంకుల్ అనబోతుండగా, ఆరో అంతస్తు అవ్వ కుర్చీ చెయ్యి పట్టుకుని లేచారు. కోడలు "అత్తయ్యా, ప్లీజ్" అని కొంగు లాగుతోంది. అవ్వ వినలేదు.

"నాకు మీ ఇంగ్లీసు రాదప్పా, నాకొచ్చినట్ల చెప్తా. నా కోడలు బంగారం. ఏ పనీ చెప్పదు. వంటకు మనిషి ఉండాది, గుడ్డలకు మిషను ఉండాది, నేల తుడిచేదానికి గుండ్రంగా ఒకటి తిరుగుతా ఉండాది. నేను కూరగాయలు తరుగుతానంటే చెయ్యి తెగుతుందంటారు. పొద్దున లేస్తే మాపటికి నేను చేసే పని ఒక్కటీ ల్యా. నాలుగేండ్ల నుంచి సుమ్నే కూర్చోనుండా." కోడలి చేతిలోంచి కొంగు విడిపించుకున్నారు. "మొన్న ఈ పిల్లోడు చెప్పినాడు, నేను పోసుకున్న నీళ్ళతో ఇంత గడ్డి బతుకుతా ఉండాదని. నాకు ఆ రాత్రి నిద్ర పట్టల్యా. నాతో కూడా ఈడ ఒకటి బతుకుతా ఉండాదే అని. మీకు గలీజు అనిపిస్తే మీ నీళ్ళు వద్దనుకోండి. నా నీళ్ళయినా దానికి పొయ్యనీండి. ఆ ప్లాస్టిక్‌ది ఏస్తే దానికి నాతో ఏం పని?"

అవ్వ చెప్పింది తెలుగు రానివాళ్ళకు పక్కవాళ్ళు చెవిలో చెబుతున్న గుసగుస వినిపించింది. తమిళ పాటి ఏమర్థమైందో ఏమో, కళ్ళు తుడుచుకుంది. ఓటింగ్ జరిగింది. చేతులు లెక్కపెట్టి, అనుమానమొచ్చి మళ్ళీ లెక్కపెట్టారు. స్వల్ప తేడాతో ప్లాస్టిక్ గడ్డి ఓడిపోయింది. చివర్లో చేతులు దించేసుకున్నవాళ్ళలో సెక్రటరీ అంకుల్ కూడా ఉన్నాడని తర్వాత అర్జెంట్ సార్ చెప్పాడు. అయితే ఒక షరతు పెట్టారు. ఇంత ఎండల ఊళ్ళో అంత లాన్ అక్కర్లేదు, సగం తీసేసి నీళ్ళు తక్కువ తాగే చెట్లు, పొదలు పెట్టాలని. అది సబబైన మాటే. ఆ గుంతలు తవ్వింది, మొక్కలు నాటింది పెద్దక్కా వాళ్ళే. మీటింగు అయ్యాక ఆమె దగ్గరికి పోయి, "ఉంది అక్కా, గడ్డి ఉంది" అన్నాను. "ఆ అవ్వ ఏం జెప్పింది సారూ?" అంది. చెప్పాను. చీపురు పుల్లలు సర్దుకుంటూ, "ముసల్ది సల్లగుండ" అంది.

ఆ తర్వాత నుంచి అవ్వ ఒక డ్యూటీ పెట్టుకున్నారు. రోజూ పొద్దున స్నానం కాగానే, తడి తల తువ్వాలుతో చుట్టుకుని బాల్కనీలోకి వచ్చి, నాలుగు టవర్లకూ వినిపించేట్టు, "అప్పా, పోసుకున్న్యా! వదులు నీళ్ళు!" అని కేకేసేవారు. "సరే అవ్వా!" అని నేను కిందినుంచి అరిచి స్ప్రింక్లర్ తిప్పేవాణ్ణి. (ఆరో అంతస్తు నీళ్ళు కిందికొచ్చి శుద్ధయి గడ్డికి చేరాలంటే అంత తొందరగా కుదరదు. ఆ మాట మాత్రం ఎప్పుడూ చెప్పలేదు. ఆ ఒక్క రహస్యం కాపాడాను.) కోడలు సిగ్గుతో చచ్చిపోయేది. లిఫ్టులో కనిపిస్తే తల దించుకుని "సారీ అండీ, అత్తయ్యకు చెప్పినా వినరు" అనేది.

కొన్నాళ్ళకు అవ్వ మోకాలి ఆపరేషనుకు ఆస్పత్రిలో చేరారు. మరుసటి రోజు పొద్దున నేను స్ప్రింక్లర్ దగ్గరే నిలబడి, తిప్పబుద్ధి కాక అటూ ఇటూ చూస్తున్నాను. కేక రాకుండా తిప్పడం అలవాటు లేదు. ఇంతలో ఆరో అంతస్తు బాల్కనీ తలుపు తెరుచుకుంది. కోడలు వచ్చింది, మెడలో ఆఫీసు ఐడీ కార్డు, చేతిలో ల్యాప్‌టాప్ బ్యాగు. అటు చూసింది, ఇటు చూసింది. గొంతు సవరించుకుని, "ఏమండీ... అత్తయ్య మర్చిపోకుండా చెప్పమన్నారు" అంది. "చెప్పండి మేడమ్" అన్నాను. ఆమె మొహం ఎర్రబడింది. కళ్ళు గట్టిగా మూసుకుని, ఒక్క గుక్కలో, "స్నానం అయింది! నీళ్ళు వదలండి!" అని అరిచి లోపలికి పారిపోయింది.

నేను నవ్వలేదు. కానుగ చెట్టు కింద పెద్దక్క కూడా పని ఆపి పైకి చూస్తోంది. అప్పటి నేను, ఆ ఇరవై మూడేళ్ళ కుర్రాడు, బూట్ల నిండా పేడ మరకలతో, స్ప్రింక్లర్ చక్రం మీద చెయ్యి వేసి, ఖాళీ బాల్కనీ వైపు చూస్తూ "సరే మేడమ్, వదుల్తా ఉండా!" అని గొంతు చించుకుని అరిచాడు. పైన ఆ మాట విన్నవాళ్ళు లేరు. అయినా వాడు చాలాసేపు తుంపర్లలో తడుస్తూ అక్కడే నిలబడ్డాడు, అప్పజెప్పిన పని ఒక్కటే చేసినా కొండంత గర్వంగా. వెర్రిబాగులవాడు. వాణ్ణి చూస్తే నాకిప్పటికీ ముద్దొస్తుంది.